ఆరు గంటల గంట

మన పత్రికకు ఏదైనా వ్రాయమని సంపాదకులు నన్ను అడగడం ఇది మూడోసారి. మొదటిసారి గోంగూర దొరకని దేశంలో పులుపుకి ఏమి వాడవచ్చునో వ్రాసి తప్పించుకున్నాను. రెండోసారి పిల్లల పరీక్షలన్నాను. ఈసారి ఆయనే, "మీరు క్యాథలిక్కులు, ఉంటున్నది క్యాథలిక్ దేశం, దాన్ని గురించి నాలుగు మాటలు వ్రాయండి" అని విషయం కూడా చేతిలో పెట్టారు. మతం మీద వ్యాసం వ్రాయడానికి నేనేమీ పండితురాలిని కాను. నాకు బాగా తెలిసినది మా వంటిల్లు. అందులోకి దేవుడు మళ్ళీ ఎలా వచ్చాడో, అది మాత్రం చెప్పగలను.

మేముండే ఊరు లీక్స్‌లిప్. డబ్లిన్‌కు పడమటి దిక్కున, కిల్డేర్ కౌంటీ అంచున, లిఫీ నదిలో రై అనే చిన్న ఏరు వచ్చి కలిసేచోట ఉన్నది. సాల్మన్ చేప ఎగిరే చోటు అని ఆ పేరుకు అర్థం. ఓడల మీద వచ్చి ఇక్కడ కాపురం పెట్టిన వైకింగుల భాష అది. ఐరిష్ భాషలోని పేరుకు కూడా అర్థం అదే. చేపలు ఎగిరిన జలపాతం 1940లలో విద్యుత్తు కోసం కట్టిన ఆనకట్ట నీళ్ళలో మునిగిపోయి, పేరు మాత్రం మిగిలింది. ఆర్థర్ గిన్నెస్ 1759లో డబ్లిన్‌లో దుకాణం పెట్టకముందు బీరు కాచింది ఇక్కడే. ఆయన సంగతి మన సంఘంలో కొందరికి నాకంటే బాగా తెలుసు కాబట్టి వదిలేస్తాను. 1989లో ఇంటెల్ వారు ఈ ఊరికి వచ్చాక మనలాంటి వాళ్ళు ఒక్కొక్కరే చేరడం మొదలయింది. మావారు కూడా అలా వచ్చినవారే. ఆయన పన్నెండు గంటల షిఫ్టు, నాకొక వృద్ధాశ్రమంలో పని, ఇద్దరు పిల్లలు. మేము 2011లో వచ్చాము.

సంఘంలో చాలామంది నన్ను, "మీరు క్రిస్టియన్లు అంటే మరి పేర్లు మా పేర్లలాగే ఉంటాయేమిటి, పూజ అంటారేమిటి?" అని అడుగుతుంటారు. మాది సత్తెనపల్లి వైపు పల్లె. ఆ ప్రాంతంలో మూడు వందల ఏళ్ళ నాటి క్యాథలిక్ కుటుంబాలున్నాయి. మా భాష మాకున్నది. మాస్‌ను మేము పూజ అంటాము, పారిష్‌ను విచారణ అంటాము, పూసల దండను జపమాల అంటాము. పీటరు మాకు రాయప్ప, పాలు చిన్నప్ప. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో బెజవాడ గుణదల కొండకు వెళ్ళి తలనీలాలిస్తాము, కొబ్బరికాయలు సమర్పిస్తాము. అక్కడ 1924లో అర్లాటి గారనే ఇటలీ గురువు మరియమాత స్వరూపాన్ని నిలిపినప్పుడు ఇంత తిరునాళ్ళ అవుతుందని అనుకొని ఉండరు.

మా పల్లెలో దేవాలయం గంట రోజుకు మూడుసార్లు మోగేది, తెల్లవారుజామున, మధ్యాహ్నం, పొద్దు వాలేటప్పుడు. దాన్ని త్రికాల జపము అంటారు. దేవదూత మరియమ్మకు మంగళవార్త చెప్పిన సంగతిని తలుచుకునే జపము. మిరపచేలో ఉన్నా, కల్లంలో ఉన్నా, గంట వినపడగానే మా అమ్మ కొంగు తలమీదికి లాక్కుని నిలబడిపోయేది. మేము పిల్లలం నవ్వుకునేవాళ్ళం. నిమిషమో నిమిషమున్నరో, అంతే. మళ్ళీ వంగి కాయ కోసేది. దేవుడు ఎక్కడుంటాడని ఆమెను ఎవరైనా అడిగితే గుడిలో అని చెప్పేది కాదనుకుంటాను. అసలు ఆ ప్రశ్నే ఆమెకు అర్థమయ్యేది కాదు.

ఇక్కడికి వచ్చాక మాకు దేవుడు ఆదివారం పదకొండు గంటల మనిషి అయిపోయాడు. మావారికి షిఫ్టు లేకపోతే, పిల్లలకు జలుబు లేకపోతే, వాన మరీ అడ్డంగా కొట్టకపోతే వెళ్ళేవాళ్ళం. ఇంట్లో పటం లేదు. గోడకు మేకు కొడితే ఇంటి యజమాని ఒప్పుకోడు. జపమాల నా హ్యాండ్‌బ్యాగులో తాళంచెవుల గుత్తికి చుట్టుకొని ఉండేది. ఎవరినీ అనవలసిన పని లేదు, తీరిక లేదన్నది మేము చెప్పుకున్న మాట. సీరియళ్ళకు తీరిక ఉండేది.

2019 జనవరి మధ్యలో మా అమ్మ మూడు నెలల వీసా మీద వచ్చింది. వచ్చిన మూడో రోజున ఇల్లంతా కలయజూసి, "ఏమే, ఇక్కడ దేవుణ్ణి ఎక్కడ పెట్టుకున్నారు?" అన్నది. నేను దేవాలయం ఎంత దూరమో చెప్పాను. ఆమె అడిగింది అది కాదని ఇద్దరికీ తెలుసు.

మొదటి ఆదివారం చిన్న రభస జరిగింది. దేవాలయం గుమ్మం దగ్గర అమ్మ చెప్పులు విడిచింది. జనవరి నెల, లోపల చలువరాయిలాంటి నేల. నేను వద్దంటున్నా వినకుండా వట్టికాళ్ళతో నడిచి వెళ్ళి మోకరించింది. అందరూ చూస్తున్నారని నాకు తల తీసేసినట్లయింది. మన దేశంలో పూజకు చెప్పులు విడవడం, శాంతి చెప్పుకునేటప్పుడు చేతులు జోడించడం వంటి పన్నెండు అంశాలను 1969లోనే రోము అనుమతించిందని ఆ క్షణాన నేనెవరికి చెప్పను? పూజ అయ్యాక మా పక్కింటి పెద్దావిడ మా దగ్గరకు వచ్చింది. ఎనభై దాటిన మనిషి, భర్త పోయాడు, పుట్టిల్లు పడమటి తీరాన మేయో కౌంటీ. ఎనిమిదేళ్ళుగా పక్క పక్కనే ఉంటున్నా మా మధ్య మాటలన్నీ వాన గురించే. అమ్మ పాదాలకేసి చూసి, చిన్నప్పుడు తామూ వట్టికాళ్ళతోనే పూజకు వెళ్ళేవాళ్ళమని, అయితే అది భక్తి వల్ల కాదు, బూట్లు లేకపోవడం వల్ల అని చెప్పి నవ్వింది. మరుసటి ఆదివారానికి ఉన్ని మేజోళ్ళ జత తెచ్చి ఇచ్చింది. అమ్మ వాటితోనే లోపలికి వెళ్ళేది. చెప్పులు మాత్రం బయటే.

ఆ మేజోళ్ళతో మొదలయిన స్నేహం ఎలా సాగిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే. అమ్మకు ఇంగ్లీషు రాదు. ఆవిడకు తెలుగు అనే భాష ఉన్నదనే తెలియదు. రోజూ నాలుగింటికి అమ్మ అక్కడికి టీకి వెళ్ళేది. మా అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్ళు, బడి నుంచి వచ్చి అదీ వెళ్ళేది. అసలు సంగతి దాని ద్వారానే నాకు తెలిసింది. "అమ్మా, ఆరింటికి టీవీలో గంట కొడుతుంది. అప్పుడు అమ్మమ్మ లేచి నిలబడుతుంది. ఆవిడ కప్పు కింద పెట్టేస్తుంది. ఇద్దరూ ఏదో గొణుక్కుంటారు. గంట అయిపోగానే బిస్కట్లు తింటారు."

ఎనిమిదేళ్ళు ఈ దేశంలో ఉండి నేను ఆ గంట వినలేదు! మా టీవీలో మన చానళ్ళు తప్ప వేరే రావు మరి. ఐర్లండు జాతీయ రేడియోలో 1950 ఆగస్టు 15న, అంటే మరియమాత మోక్షారోపణ పండుగనాడు, ఈ గంట మొదలయింది. మధ్యాహ్నం పన్నెండుకు, సాయంత్రం ఆరుకు. టీవీలో 1962 నుంచి వస్తున్నది. మూడు, మూడు, మూడు, ఆపైన తొమ్మిది, మొత్తం పద్దెనిమిది దెబ్బలు. మా ఊరి త్రికాల జపమే, దెబ్బల లెక్కతో సహా! వార్తలకు ముందు నిమిషం పాటు దేశమంతా వినపడేలా మోగుతుంది. వినేవాళ్ళు జపం చేస్తారో లేదో వాళ్ళ ఇష్టం. పూర్వం గంట మోగేటప్పుడు మంగళవార్త చిత్రపటం చూపించేవారట. 2009 నుంచి పటం తీసేసి, చేస్తున్న పని ఆపి ఒక క్షణం ఊరుకున్న మామూలు మనుషులను చూపించడం మొదలుపెట్టారు. ఈ మార్పును కొందరు పెద్దలు నొచ్చుకున్నారు. నాకు మాత్రం అందులో మిరపచేలో నిలబడ్డ మా అమ్మ కనిపించింది.

ఇది చదువుకున్నవాళ్ళు పెద్ద మాటల్లో చెబుతారు, దైవసన్నిధి అభ్యాసం అని. పదిహేడో శతాబ్దంలో పారిస్‌లోని కార్మెల్ మఠంలో లారెన్స్ అనే సహోదరుడు ఉండేవాడు. యుద్ధంలో కాలు దెబ్బతిన్నవాడు, గురువు కావడానికి చదువు లేదు, వంటింట్లో వేశారు. జపానికి కూర్చున్నప్పుడు ఎంత దగ్గరగా ఉంటాడో గిన్నెల మోతలోనూ దేవుడు అంతే దగ్గరగా ఉంటాడని ఆయన కనుక్కున్నాడు. 1691లో ఆయన పోయాక ఆ మాటలను, ఉత్తరాలను పుస్తకంగా వేస్తే ఇప్పటికీ క్యాథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ చదువుతూనే ఉన్నారు. మా అమ్మ ఆ పుస్తకం చదవలేదు. చదివినా, "ఇందులో కొత్తేమున్నది?" అని ఉండేది.

ఐరిష్ భాషలో నమస్కారం కూడా ఇలాంటిదే. "డీయా గ్విట్" అంటారు, దేవుడు నీకు తోడుగా ఉండాలని. దానికి జవాబుగా దేవుడూ మరియమ్మా నీకు తోడుండాలని అనాలి. అంటే పలకరించినవాడికంటే జవాబిచ్చేవాడు ఒక దైవసహాయం ఎక్కువ ఇవ్వాలన్నమాట! వాళ్ళ "డీయా", మన "దేవ" ఒకే మూలం నుంచి వచ్చిన మాటలని భాషాశాస్త్రం తెలిసినవారు చెబుతారు. పక్కింటావిడ ఇది అమ్మకు నేర్పింది. అమ్మ ప్రతి సాయంత్రం గుమ్మంలోనే ఆ మాట అని లోపలికి వెళ్ళేది. ఆవిడను "వదిన" అని పిలిచేది. నేను అర్థం చెబితే ఆ పెద్దావిడ చాలా సంతోషించింది. తనకు ఆడపడుచులు లేరట.

ఫిబ్రవరి 1 బ్రిజిడ్ పునీతురాలి పండుగ. ఆమె కిల్డేర్ మఠకన్యలకు పెద్ద, మా కౌంటీ సొంత మనిషి. ఆమె గురించి చెప్పుకునే కథలన్నీ పాలు, వెన్న, ఆవులు, పేదవాళ్ళకు పెట్టిన అన్నం. మన ఇళ్ళలో పాలు పొంగితే సంతోషపడే ఆడవాళ్ళకు ఆమెను పరిచయం చేయనక్కరలేదు. 2023 నుంచి ఆమె పేరున దేశమంతటా సెలవు కూడా ఇస్తున్నారు. ఆ పండుగకు తడి నేలల్లో పెరిగే తుంగతో శిలువలు అల్లి గుమ్మాల మీద పెడతారు. మధ్యలో చదరం, నాలుగు వైపులా నాలుగు చేతులు. పక్కింటావిడ ఒకటి అల్లి చూపించడం మొదలుపెట్టిందో లేదో, అమ్మ తుంగ లాక్కుని తాను రెండు అల్లేసింది. మ్రానికొమ్మల ఆదివారానికి తాటాకు శిలువలు అల్లిన చేతులు, తాటాకు బుట్టలు అల్లిన చేతులు. ఆ రెంటిలో ఒకటి మా వంటింటి తలుపు పైన పెట్టాము. మేకు కొట్టలేదు, జిగురు బిళ్ళతో అంటించాము. ఆ సాయంత్రమే మా ఇంట్లో చాలా ఏళ్ళ తరువాత జపమాల చెప్పుకున్నాము. మావారు నిద్రపోయారు. అమ్మ లేపలేదు.

ఒక శనివారం ఆమెను మేనూత్ తీసుకెళ్ళాము. మా లూయిసా బ్రిడ్జి స్టేషనులో రైలెక్కితే తరువాతి స్టేషనే. అక్కడ 1795లో పెట్టిన పెద్ద గురువిద్యాలయం ఉన్నది. మన పాఠకులకు ఒక సంగతి చెప్పాలి. కార్క్ కౌంటీకి చెందిన డానియల్ మర్ఫీ అనే ఆయన ఆ గోడల మధ్యే చదువుకొని, 1838లో గురుపట్టం పొంది మద్రాసు ఓడ ఎక్కాడు. అక్కడినుంచి హైదరాబాదు మిషనుకు వచ్చి, మన సికింద్రాబాదులో సెయింట్ మేరీస్ దేవాలయం కట్టించాడు. 1850లో పూర్తయిన ఆ దేవాలయాన్ని 2008లో బసిలికాగా గౌరవించారు. ఆయన తరువాత టాస్మేనియాకు బిషప్పుగా వెళ్ళి తొంభై దాటి బ్రతికి 1907లో పోయాడు. ఆయన పనిచేసిన హైదరాబాదు పీఠం నుంచే 2022లో పూల అంతోని గారు తొలి తెలుగు కార్డినల్ అయ్యారు. అమ్మకు నేను మర్ఫీ గారి కథ చెబితే, "అయితే ఇక్కడినుంచే మనకు స్వాములను పంపారన్నమాట. ఇప్పుడు మనవాళ్ళు వీళ్ళకు వస్తున్నారు. చేబదులు తీరుస్తున్నట్లున్నది" అన్నది. నిజమే, ఈ దేశంలో ఇప్పుడు చాలా విచారణల్లో మన దేశం గురువులు కనబడతారు.

ఇంతవరకు చదివి ఐర్లండంతా భక్తిలో మునిగి తేలుతున్నదని ఎవరైనా అనుకుంటే అది నా తప్పవుతుంది. 1970ల మొదట్లో ఇక్కడి క్యాథలిక్కుల్లో నూటికి తొంభై మంది ప్రతి ఆదివారం పూజకు వెళ్ళేవారు. ఇప్పుడు మా వరుసలో ముందూ వెనుకా ఖాళీ బల్లలే. 2022 జనాభా లెక్కల్లో క్యాథలిక్కులమని వ్రాయించుకున్నవారే నూటికి 69 మంది. ఎందుకిలా జరిగిందో ఇక్కడ అందరికీ తెలుసు. దేవుడి పేరు మీద నడిచిన బడుల్లో, ఆశ్రమాల్లో పసిపిల్లలను ఎలా చెరిచారో, పెద్దలు దాన్ని ఎలా దాచారో 2009లో వచ్చిన రెండు విచారణ నివేదికలు బయటపెట్టాయి. అందులో ఒకటి మా డబ్లిన్ అగ్రపీఠం గురించే. కాలం మారింది, జనానికి భక్తి తగ్గింది అని మనం తేలిగ్గా అనేస్తాం. వాళ్ళది భక్తి తగ్గడం కాదు, మోసపోవడం. ఆ రెంటికీ తేడా ఉన్నది.

పక్కింటావిడను ఒకసారి ధైర్యం చేసి అడిగాను. ఆ నివేదికలు వచ్చిన తరువాత ఏడాది పాటు దేవాలయం గుమ్మం తొక్కలేదని చెప్పింది. ఆవిడ పిల్లలు నలుగురిలో ఒక్కరూ ఇప్పటికీ వెళ్ళరు. "మరి ఆరు గంటల గంట?" అన్నాను. "అది ఎందుకు మానతాను? అది బిషప్పుది కాదు కదా" అన్నది. వంటింట్లో యేసు తిరుహృదయం పటం కింద ఎర్రదీపం కూడా ఆ ఏడాదంతా వెలుగుతూనే ఉన్నదట. వాళ్ళ పల్లెకు కరెంటు వచ్చిన కొత్తలో తండ్రి పెట్టించిన దీపం అది. పుట్టింటినుంచి అడిగి తెచ్చుకున్నది.

ఏప్రిల్ మొదటి వారంలో అమ్మ వెళ్ళిపోయింది. మళ్ళీ వస్తానన్నది.

2021 మే నెల గురించి ఎక్కువ వ్రాయలేను. మన దేశంలో ఆ నెల ఎలా గడిచిందో చదివేవాళ్ళకు తెలుసు. గుంటూరులో మంచం దొరికింది, ఆరు రోజులుంది. నేను వెళ్ళడానికి దారి లేదు. సమాధి చేయడం మా అన్నయ్య ఫోనులో చూపించాడు. నలుగురే ఉన్నారు. మధ్యలో సిగ్నల్ పోయింది. మళ్ళీ వచ్చేసరికి మట్టి వేస్తున్నారు.

ఆ సాయంత్రం పక్కింటావిడ మా గేటు దగ్గరకు వచ్చి, అప్పటి నిబంధన ప్రకారం దూరంగా నిలబడింది. వాళ్ళవాళ్ళెవరైనా పోతే ఈ దేశంలో ఇల్లంతా జనంతో నిండిపోతుంది. టీలు, రొట్టెలు, రాత్రంతా కబుర్లు, జపమాల. మాకు అదేమీ లేదు. ఆవిడ ఒక్కతే, గొడుగు. కాసేపు ఊరుకుని, "మంత్స్ మైండ్ ఎప్పుడు చేయిద్దాం?" అని అడిగింది. నాకు అర్థం కాలేదు. ఇక్కడ మనిషి పోయిన నెలకు పూజ చెప్పిస్తారు. మైండ్ అంటే పాత ఇంగ్లీషులో జ్ఞాపకం అని అర్థమట. మనవాళ్ళ మాసికమే. కన్నీళ్ళ మధ్య నాకు ఆ మాట ఎంత ఊరటనిచ్చిందో చెప్పలేను. నేను ఎవరినీ అడగకుండానే, అమ్మ కోసం ఈ ఊళ్ళో ఒక తేదీ ఉన్నది!

దేవాలయాలు మూతబడి ఆ మే 10వ తేదీనే తెరిచారు, యాభై మందికి మించకూడదని నియమం. జూన్‌లో మా పూజనాడు ఇరవై మంది ఉంటారేమో. ఆ వారం కాగితంలో అమ్మ పేరు అచ్చయింది. ఇంటిపేరును పేరుగా, పేరును ఇంటిపేరుగా మార్చి, మధ్యలో ఒక అక్షరం మింగేశారు. గురువు దాన్ని ఎలా పలకాలో తెలియక మొదటే క్షమాపణ అడిగి, రెండుసార్లు ప్రయత్నించి చదివారు. ఇంగ్లీషు పూజలో, అప్పం పైకెత్తి చూపే ఆ ఘడియకు కాస్త తరువాత, మరణించినవారి కోసం వేడుకునే చోట, సత్తెనపల్లి వైపు పల్లెలో మిరపకాయలు కోసిన మనిషి పేరు వినబడింది. ఎంత తప్పుగా పలికినా అది ఆమె పేరే. శాంతి చెప్పుకునే సమయం వచ్చింది. రోగభయంతో చేతులు కలపడం అప్పటికి మానేశారు. ఆ ఇరవై మంది ఐరిష్‌వాళ్ళూ మా వైపు తిరిగి, రెండు చేతులూ జోడించి, తలలు వంచారు.

నేను చెప్పులు బయటే విడిచి వెళ్ళాను. ఉన్ని మేజోళ్ళు అమ్మవి, వెళ్ళేటప్పుడు వదిలేసి వెళ్ళినవి.

ఇప్పుడు మా టీవీలో ఐర్లండు చానలు కూడా వస్తుంది. ఆరింటికి సాధారణంగా నేను పోపు వేస్తుంటాను. ఒక్కోసారి ఆవాలు మాడిపోతాయి. ఒక్కోసారి గంటే వినబడదు, పిల్లల గొడవలో కలిసిపోతుంది. మా అబ్బాయి అయితే ఇదంతా మా అమ్మమీది బెంగ తప్ప ఇంకేమీ కాదంటాడు. కావచ్చు. నేను వాడితో వాదించను. బెంగ ఎక్కడ ఆగుతుందో, జపం ఎక్కడ మొదలవుతుందో నాకూ సరిగా తెలియదు.

పక్కింటావిడ వేళ్ళు ఇప్పుడు వంగడం లేదు. ప్రతి జనవరి ఆఖరున నేనూ అమ్మాయీ కాలువ గట్టు వైపు తడి నేలల్లోకి వెళ్ళి తుంగ కోసుకొస్తాము. అమ్మాయే అల్లుతుంది. ఆవిడకు ఒకటి, మాకు ఒకటి. కొత్త శిలువ పెట్టినప్పుడు పాతదాన్ని పొయ్యిలో వేయాలని ఇక్కడి ఆచారమట. మొదటి ఏడాదే ఆవిడ నాకు చెప్పింది. మాది కరెంటు పొయ్యి అన్నాను. ఆవిడ మా తలుపు పైన ఎండి గోధుమరంగుకు తిరిగిన ఆ మొదటి శిలువకేసి కాసేపు చూసి, "అయితే ఉండనీ" అన్నది.